బ్రిట్టా మూల

చనిపోయిన నా మేనకోడలు ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసింది.

ముసలిదానికి మతి చలించిందనుకునేవాళ్ళు అనుకోండి, నాకేం నొప్పి లేదు. నా ఒక్కదానికే కాదు, ఆ ఉదయం మా ఊరు ఎల్క్ రన్‌లో మా పార్టీవాళ్ళ ఇళ్ళన్నిటికీ ఆ పిల్ల ఫోన్ వచ్చింది. అదే గొంతు, అవే మాటలు.

"హలో! నేను బ్రిట్టా హెగ్లాండ్‌ని, ఆర్లెన్ కూతుర్ని. ఈ సాయంత్రం ఏడింటికి స్కూలు జిమ్‌లో మన కాకస్. నాతోపాటు పెండర్ వైపు నిలబడండి. మీరొచ్చేదాకా నేనక్కడే ఎదురుచూస్తుంటాను."

పాతిపెట్టి రెండు వారాలు కాలేదు. గడ్డకట్టిన నేలను మిషన్‌తో తవ్వాల్సి వచ్చింది, సమాధి మీద మట్టి ఇంకా గడ్డలుగానే ఉంది.

పెండర్ ఎన్నికల ఆఫీసువాళ్ళు డిసెంబరులో ఏ ఊరి కార్యకర్త గొంతుతో ఆ ఊరికి ఒక పిలుపు రికార్డు చేయించి పెట్టుకున్నారు. కాకస్ రోజు మిషనే అందరికీ ఫోన్లు చేస్తుంది. మనిషి పోయిందని మిషన్‌కి ఎవరూ చెప్పలేదు. బ్రిట్టా ఆ మాటలు చదివింది నా వంటింట్లోనే. అందుకే చివర్లో, దూరంగా, ఇంకో గొంతు కూడా వినిపించింది: "ఏయ్ పిల్లా, కాఫీ చల్లారిపోతోంది." అది నా గొంతు. పోయినదాన్ని కాఫీ తాగమని పిలుస్తున్నాను. 

వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ఎత్తిన ఆవిడ ఏడ్చినంత పనిచేసి, ఇప్పుడే ఆపేయిస్తానంది. సాయంత్రం అయిదింటికి మళ్ళీ మోగింది. నేను ఎత్తలేదు. మోగడం ఆగేదాకా సింకు దగ్గర నిలబడి కడిగిన కప్పునే మళ్ళీ మళ్ళీ కడిగాను.

ఈసారి అధ్యక్ష ఎన్నికలకి మా పార్టీ అభ్యర్థి కావాలని ముగ్గురు పోటీపడుతున్నారు, వాళ్ళలో ఎవరో తేల్చేదే కాకస్. బ్రిట్టా పెండర్ మనిషి, నేను లోవెల్ మనిషిని. ఊళ్ళో బలమంతా గారిటీది. మా చుట్టూ పందుల షెడ్లు పెరిగినకొద్దీ బావుల్లో నీళ్ళు పాడైపోయాయి, పసిపిల్లలకి సీసా నీళ్ళే పట్టాలి. ఆ సంగతి గొంతెత్తి మాట్లాడినవాడు పెండర్ ఒక్కడే. లోవెల్ అడిగితే మాట్లాడేది. గారిటీ అడిగినా నవ్వి చెయ్యి ఊపేవాడు, ఆ షెడ్ల కంపెనీలవాళ్ళే ఆయనకి విందులిచ్చేవాళ్ళు.

కాకస్‌లో ఓటు పెట్టెలో వేయం. లేచి నడిచి, ఇరుగుపొరుగంతా చూస్తుండగా మన మనిషి మూలలో నిలబడతాం. వందకి పదిహేనుమందైనా లేని మూల చెల్లదు. ఆ మూలలోవాళ్ళు అరగంటలోగా ఇంకో మూలకి మారాలి, లేదా వేరే మూలలనుంచి మనుషుల్ని తెచ్చుకుని లెక్క నింపుకోవాలి. చివరికి నిలిచిన మూలలకే, తలల లెక్కన, మా ఊరినుంచి జిల్లా సభకి వెళ్ళే ఆరుగురు ప్రతినిధుల్ని పంచుతారు. అందుకే వెనకబడ్డవాడి మనుషులకి ఆ అరగంటా పెళ్ళివారి మర్యాద జరుగుతుంది. అంతదాకా మొహం చూడనివాళ్ళు కూడా వచ్చి భుజం మీద చెయ్యేస్తారు.

పోయే ముందురోజు, ఆదివారం, బ్రిట్టా మా ఇంటికొచ్చి నూడుల్స్ తింటూ చెప్పింది.

"అత్తా, మావాడు గెలవడు. మనూళ్ళో పదిమంది కూడా రారు."

"ఇన్నాళ్ళకి తెలిసిందా తల్లీ నీకు?"

"ఎగతాళి చెయ్యకు. విను. మొదటి లెక్క అవగానే నావాళ్ళందర్నీ నీ మూలకి తెస్తా. నీకు ఒకరొచ్చే చోట ఇద్దరు ప్రతినిధులొస్తారు. ఆ గారిటీ ఒక్కడే మొత్తం ఊడ్చుకుపోతుంటే చూస్తూ ఊరుకోను. మా ఆఫీసువాళ్ళకి చెప్పకు, చంపేస్తారు. నాన్నకి నేనే చెప్తా."

మర్నాడు ఉదయం ప్రచారానికి ఇళ్ళు తిరగడానికి బయల్దేరింది. కంకర రోడ్డు మీది చిన్న వంతెన దగ్గర మంచు పలకలు కట్టి ఉంది. బండి వాగులో పడింది.

వాళ్ళ నాన్నకి చెప్పిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం చాల్లేదు. ఆర్లెన్ నాకు తమ్ముడే, చిన్నప్పుడు వాడికి బూట్లు తొడిగినదాన్నే. కానీ అంత్యక్రియలనాటినుంచి మేం మంచు గురించి, తిరిగివ్వాల్సిన వంటగిన్నెల గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు. తల్లి లేని పిల్లని వాడొక్కడే పెంచాడు. ఆ పిల్ల ఎవరికోసం ఆ రోడ్డున పడిందో అతని మీద నమ్మకం దానికి ముందురోజే పోయిందని వాడికి నేనెలా చెప్పను?

సాయంత్రం జిమ్‌కి వెళ్ళేసరికి సగం జనం వచ్చి ఉన్నారు. తడిసిన కోట్ల వాసన, కాఫీ వాసన, పెద్ద టేబుల్ మీద వేరుశనగ మిఠాయి బార్లు. మామూలుగా అయితే కేకలూ వేళాకోళాలతో చెవులు గింగురుమనాలి. ఆ సాయంత్రం అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. ప్రతి గుంపులోనూ ఒకటే మాట.

"మీకూ వచ్చిందా?"

"వచ్చింది. మా ఆవిడ ఫోన్ కింద పడేసింది."

ఆర్లెన్ బాస్కెట్‌బాల్ బుట్ట కింద పెండర్ బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. వాడు పుట్టి బుద్ధెరిగి కాకస్‌కి వచ్చినవాడు కాదు. వాడి పక్కన మరో ఆరుగురు నిలబడ్డారు, అందరూ బ్రిట్టా కూడగట్టినవాళ్ళే. కానీ వాళ్ళు గుంపుగా లేరు. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలేసి దాని చుట్టూ నిలబడ్డారు. ఎవరూ చెప్పి చేసింది కాదు. ఒకావిడ వెనక్కి జరిగి పొరపాటున ఆ జాగాలో అడుగుపెట్టి, ఎవరినో తొక్కినట్టు "సారీ" అని పక్కకి తప్పుకుంది. 

సభ నడిపేది డ్వేన్, మా ఊరి మందుల షాపు నడిపి మానేసినాయన. ఎనభైమంది వచ్చాం, మూల చెల్లాలంటే పన్నెండుమంది ఉండాలని చెప్పి లెక్క మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి భుజం తడుతూ లెక్కపెట్టడం ఆయన పద్ధతి. గారిటీ గుంపు యాభై ఏడు. పాల ఫ్రిజ్ పక్కన నా గుంపు పదహారు. తర్వాత బుట్ట కిందికి వెళ్ళాడు.

"ఎనిమిది," అన్నాడు.

"ఏడే డ్వేన్," అంది గారిటీ తరపు పెద్ద, కొనీ. ఆవిడ ఇన్సూరెన్స్ అమ్ముతుంది, ఎక్కడా ఒక్క అంకె వదలదు.

డ్వేన్ మళ్ళీ భుజాలు తట్టుకుంటూ వచ్చాడు. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి దానంతటదే లేచి, గాల్లో ఆగింది. ఆ చెయ్యినే చూస్తూ కాసేపు నిలబడిపోయాడు.

"ఏడు," అన్నాడు చివరికి. "నన్ను క్షమించు ఆర్లెన్."

ఆర్లెన్ తల ఊపాడు. 

ఏడుగురితో ఆ మూల చెల్లదు. ఇక బ్రిట్టా ఒప్పందం ప్రకారం ఆ ఏడుగురూ నా దగ్గరికి రావాలి. నా పదహారుకి వాళ్ళు కలిస్తే లోవెల్‌కి ఇద్దరు. బ్రిట్టా కోరింది అదే. డ్వేన్ అరగంట టైం మొదలెట్టాడు. కొనీ అప్పటికే పళ్ళెంలో బార్లు పెట్టుకుని ఆర్లెన్ వైపు నడుస్తోంది. నేను కూడా కదిలేదాన్నే. ఈలోగా నా పక్కనుంచి వెండెల్ కదిలాడు.

వెండెల్ మా పొలం పక్క పొలం ఆసామి. ఎనభై దాటాయి, లోవెల్ అంటే ప్రాణం.

"ఎక్కడికి?" అన్నాను.

"మార్లిస్, ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది."

"అది మిషన్ వెండెల్! డిసెంబరులో నా వంటింట్లో చదివింది!"

"ఎదురుచూస్తుంటానంది," అన్నాడు, నా మాట చెవినపడనట్టు. "చిన్నప్పుడు మా ఆవిడ దగ్గర పియానో నేర్చుకునేది. తలుపు తట్టి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడేది, రమ్మనేదాకా."

వెళ్ళిపోయాడు. ఆయన వెనకే, చర్చిలో నాతోపాటు పాడే ఇద్దరక్కచెల్లెళ్ళు వెళ్ళారు. ఇంకో మొగుడూపెళ్ళాలు వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరూ నా వైపు చూసి "ఏమనుకోకు మార్లిస్, ఆర్లెన్ కోసం" అన్నారు. మా ఊరి మంచితనం ఇలాగే తగలడుతుంది. ఎవరింట్లో చావొచ్చినా గిన్నెడు కూర పట్టుకుని బయల్దేరతాం, తినేవాళ్ళున్నారా అని చూడం. ఆ సాయంత్రం కూర బదులు తమనే పట్టుకుని బయల్దేరారు. గారిటీ గుంపులోంచి మాత్రం ఒక్కరూ కదల్లేదు. వాళ్ళకి జాలి లేక కాదు, కొనీ వాళ్ళని కళ్ళతోనే పట్టి ఉంచింది.

అయిదుగురు. బుట్ట కింద ఇప్పుడు పన్నెండు. చచ్చినట్టున్న మూల నిలబడింది. నా దగ్గర పదకొండు.

ఒక్క మనిషి. ఒక్క మనిషి నాకు తిరిగొస్తే నా మూల నిలుస్తుంది, ఆ మూల పడిపోతుంది. రాకపోతే లోవెల్ పని అయిపోతుంది. ఆ పిల్ల వద్దన్నదేదో అదే జరుగుతుంది, అదీ ఆ పిల్ల పేరు మీద. వాళ్ళని ఆపగలిగే మాట ఈ జిమ్‌లో నా ఒక్కదాని నోట్లోనే ఉంది.

కొనీ తిరిగొస్తూ నా దగ్గర ఆగింది.

"పాపం, నీ మనుషుల్ని మీ మేనకోడలే ఎత్తుకుపోయిందే," అంది మెల్లిగా. "ఊళ్ళు తిరిగి పనిచేసినప్పుడు కూడా ఇంత లాగలేదు."

"ఆ బార్లు నోట్లో కుక్కుకో కొనీ, కాసేపు ఖాళీ లేకుండా ఉంటుంది," అన్నాను.

అని, జిమ్‌కి అడ్డంపడి ఆర్లెన్ దగ్గరికి నడిచాను. అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పేద్దామనే వెళ్ళాను. ఒరేయ్, అది నా దగ్గరికి వస్తానంది, దాని మాట నిలబెట్టు అని. వాక్యం నోట్లో కూర్చుకుని మరీ వెళ్ళాను.

వాడు గడ్డం గీసుకున్నాడు. అంత్యక్రియలకి కూడా గీసుకోనివాడు. చిన్న గాటు పడి అక్కడ కాగితం ముక్క అంటించుకున్నాడు. తన చుట్టూ పెరిగిన జనాన్ని చూస్తున్నాడు. వాడి మొహం ఎలా ఉందంటే, ఇంటికి చుట్టాలొచ్చినట్టుంది. ఎంతమంది చేరినా మధ్యలో ఆ జాగా మాత్రం అలాగే ఉంది. నేను దాని అంచున నిలబడ్డాను. అక్కడ నిలబడి, ఆ పిల్ల గొంతుతో నాకు లాభమొచ్చే మాట చెప్పాలి. నిజమే చెప్తాను, కానీ వినేవాళ్ళకి అది ఎలా ఉంటుంది? ఓటు కోసం పోయినపిల్ల నోట్లో మాటలు పెడుతోందీ ముసల్ది అనరూ? అనుకుంటే అనుకోనీ. వాడో? కూతురు నమ్మకంతో పోయిందన్న ఒక్క ఊరటా వాడి చేతుల్లోంచి లాక్కోవాలి.

"ఏమిటక్కా?" అన్నాడు.

"కాళ్ళు నొప్పెడతాయిరా. కుర్చీ తెచ్చుకో," అన్నాను.

వెనక్కి వచ్చేశాను. 

డ్వేన్ గంట కొట్టాడు. నా మూల చెల్లలేదు, మాకు మారడానికి ఇంకో అయిదు నిమిషాలిచ్చాడు. నా పదిమందీ కాసేపు అటూ ఇటూ చూసుకుని, విసుగొచ్చి, చలికి ఇంటికి పోవాలన్న తొందరలో గారిటీ వైపు వెళ్ళిపోయారు. కొనీ వాళ్ళకి బార్లు పంచింది. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. ఫ్రిజ్ పక్కన బెంచీ మీద కోటు వేసుకుని కూర్చున్నాను, ఎవరి లెక్కలోకీ రాకుండా. ఆరుగురు ప్రతినిధుల్లో అయిదుగురు గారిటీకి, ఒకరు పెండర్‌కి. బుట్ట కింద అందరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఎవరి రేడియోలోనో అప్పుడే చెప్తున్నారు, రాష్ట్రమంతటా పెండర్ తుడిచిపెట్టుకుపోయాడనీ, పోటీనుంచి తప్పుకుంటాడంటున్నారనీ. ఆ మూలలో ఎవరూ అది విన్నట్టు లేదు.

నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. అవును, పోయినదాని మీదే. చెప్పినదొకటి, ఊరంతటికీ ఫోన్ చేసి పిలిచినదొకటి. ఆ రెంటి మధ్యా నన్ను నిలబెట్టి పోయింది.

బయట మంచు మొదలైంది. నా కారు అద్దం గీకుతుంటే ఆర్లెన్ తన ట్రక్కు తలుపు తెరిచి పిలిచాడు.

"అక్కా, రా. లోపల వెచ్చగా ఉంది."

ఎక్కి కూర్చున్నాను.  వాడు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"ఇందాక ఏం చెప్దామని వచ్చావు?"

"చెప్పానుగా. కుర్చీ."

"నువ్వు పుట్టాక ఒకరికి కుర్చీ కోసం అంత దూరం నడవలేదు."

నేను చేతి తొడుగులు తీసి హీటరు దగ్గర పెట్టాను.

"వాళ్ళందర్నీ నీ మూలకి తీసుకెళ్తానంది," అన్నాడు ఆర్లెన్. "ఆదివారం ఇంటికొచ్చి చెప్పింది నాతో."

 నాకు కోపం ముంచుకొచ్చింది.

"తెలుసా నీకు! తెలిసి నిలబడ్డావా అక్కడ? ఒక్క మనిషిరా ఆర్లెన్! నువ్వొక్కడివి నడిచొస్తే సరిపోయేది! నీకెక్కడ బాధ కలుగుతుందోనని నేను నోరు కుట్టుకుని కూర్చుంటే!"

"తెలుసు."

"మరి ఎందుకురా?"

"పొద్దున ఫోన్ చేసింది కదక్కా." అద్దం మీద మంచు పడి కరుగుతోంది, వాడు దాన్నే చూస్తున్నాడు. "మిషనేనని నాకూ తెలుసు, పిచ్చెక్కలేదు. నీ గొంతు కూడా ఉంది అందులో, కాఫీ అంటూ. కానీ అక్కడే ఎదురుచూస్తుంటానంది. నేను ఇంకో మూలకి పోతే... ఒక్కతే నిలబడి ఉంటుందేమో అనిపించింది. అంతే. ఇంకేం ఆలోచించలేకపోయా."

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. వాడి మోకాలి మీద చెయ్యి వేశాను.

"ఆదివారం అది చెప్తున్నప్పుడు టీవీలో ఆట చూస్తున్నానక్కా," అన్నాడు వాడు. "సరేలే సరేలే అన్నా. సగం విన్నా, సగం వినలేదు. మొహం కూడా చూడలేదు. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా ఆ ఫోన్ గొంతే వస్తోంది. ఎవరో రాసిచ్చింది చదివిన గొంతు. అది నా కూతురు గొంతు కాదు."

నా వైపు తిరిగాడు.

"నీకెలా చెప్పిందో చెప్పు. నీ మాటల్లో వద్దు. అది అన్నట్టే చెప్పు."

"నాకేం వచ్చురా అలా చెప్పడం."

"చెప్పక్కా."

చెప్పాను. నోట్లో నూడుల్స్ పెట్టుకునే మాట్లాడిందని చెప్పాను. అత్తా, మావాడు గెలవడు, అన్నప్పుడు ఏడుపు మొహం పెట్టలేదని, ఫోర్కు నా వైపు తిప్పి పొడుస్తున్నట్టు అందని చెప్పాను. ఎగతాళి చెయ్యకు, విను, అందని చెప్పాను. వాడు కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు.

ఇంకోసారి చెప్పాను. ఈసారి దాని తొందర, మాట మధ్యలో మింగేసే దాని అలవాటు నాకే తెలియకుండా నా నోట్లోకి వచ్చాయి. నా గొంతు నాకే కొత్తగా వినిపించి భయమేసింది, అయినా ఆపలేదు. స్కూలు దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

"ఇంకొక్కసారి."

"మావాడు గెలవడు," అన్నాను. "పోతే పోనీ. నావాళ్ళందర్నీ తీసుకుని అత్త దగ్గరికి వెళ్తా. నువ్వు కూడా రా నాన్నా."

అలా అనలేదు అది నాతో. ఆ చివరి మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. నాలుక కరుచుకున్నాను.

ఆర్లెన్ కళ్ళు తెరవలేదు.

"వస్తానమ్మా," అన్నాడు.